పందిరి విప్పాక ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గూటివి. ఒకటి గౌతమి పాయ పక్కనున్న లంక గ్రామం నుంచి, ఒకటి నరసాపురం వైపు నుంచి, ఒకటి రాజమండ్రి నుంచి. ముగ్గురూ పెద్ద పని ఒకటి ముగించారు. ముగ్గురికీ ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు. మామూలుగా ఏడెనిమిది ప్రశ్నలకి జవాబులు రాసేదాన్ని, ఈసారి పేజీ అంతా వీళ్లకే ఇచ్చేస్తున్నాను. కోడలితో తగువు గురించి రాసినావిడా, టమాటా పచ్చడి బూజు పట్టకుండా ఏం చేయాలని అడిగినావిడా ఏమీ అనుకోకండి. వచ్చే నెల ముందు మీకే.

* * *

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన సోషల్ మాష్టారిని. వయసు 66. మూడేళ్లు తిరిగి మా లంక చరిత్ర రాశాను. 1986 ఆగస్టు వరదని, 1996 నవంబరు తుపానుని కళ్లారా చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని తొందరపడి 58 మందితో మాట్లాడాను. మొన్న సంక్రాంతికి రామాలయం దగ్గర పుస్తకం విడుదలైంది. 500 కాపీలు వేయించాను. ఆ రోజు ఊరంతా వచ్చింది. మర్నాటి నుంచి నాకేమీ తోచడం లేదు. పెళ్లయిపోయి పందిరి విప్పేశాక గుంజలు పాతిన గుంటలు మిగిలిన వాకిలిలా ఉంది నా బుర్ర. పొద్దున్నే అలవాటుగా బల్ల దగ్గర కూర్చుంటాను, పెన్ను మూత తీస్తాను, మళ్లీ పెట్టేస్తాను. మూడు నెలలుగా ఇదే వరస. స్నేహితులు కాటన్ దొర మీద పెద్ద పుస్తకం మొదలుపెట్టమంటున్నారు. మా ఆవిడ ఇంక హాయిగా రెస్ట్ తీసుకోమంటోంది. రెండూ నావల్ల కావడం లేదు. పుస్తకంలో వాడని నోట్సు పుస్తకాలు 11 అటక మీద ఉన్నాయి గానీ, అందులోవి చరిత్రకి పనికొచ్చేవి కావు. వరద నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఒకావిడ గోడ మీద సున్నంతో గీత గీసుకోవడం లాంటి చిల్లర సంగతులు. నా పని అయిపోయినట్టేనా?

జవాబు: మాష్టారూ, కాలేదు. ఆ మాట ముందు చెప్పేసి మిగతా సంగతి తీరిగ్గా మాట్లాడతాను.

మీ స్నేహితులదీ, మీ ఆవిడగారిదీ ప్రేమతో చెప్పిన సలహాయే. నాకు మాత్రం రెండూ నచ్చలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. అప్పట్నుంచీ కాటన్ దొర గురించి మనం చెప్పుకుంటూనే ఉన్నాం, రాసుకుంటూనే ఉన్నాం. మన వైపు ఆయన విగ్రహం లేని సెంటరు వెతుక్కోవాలి. మీరు ఇంకో రెండేళ్లు ఆగితే ఆయనేమీ అనుకోడు. మూడేళ్ల మూట ఇప్పుడే దించిన భుజం మీద ఇంకో మూడేళ్ల మూట ఎత్తుకోవాలనిపించడం చాలాసార్లు ఉత్సాహం వల్ల రాదు, ఖాళీగా కనిపిస్తే జనం ఏమనుకుంటారో అన్న బెంగ వల్ల వస్తుంది. ఇక రెస్ట్ అంటారా? రోజూ రాసే అలవాటున్న మనిషికి పది రోజులు దాటితే ఆ రెస్టే టెన్షన్ అయి కూర్చుంటుంది. మీకది ఇప్పటికే తెలిసొచ్చినట్టుంది.

నా గొడవ కొంచెం వినండి. 2008లో నా నవల అచ్చయింది. ఆరేళ్లు పట్టింది. బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుని, వచ్చి వంట చేసి, అందరూ పడుకున్నాక రాసింది. చేతిరాతలో 412 పేజీలు. అమలాపురంలో చిన్న హాల్లో సభ పెట్టాం. ప్రెస్సువాళ్లు, పేరెందుకు లెండి, ఒక ఫారం తలకిందులుగా కుట్టేశారు. 16 పేజీలు. సభలో ఒకాయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, లేచి నిలబడి, "ఇది ప్రయోగమాండీ?" అని అడిగాడు. నవ్వుల్లో ఆ సాయంత్రం గడిచిపోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఒక్క పేజీ లేదు. కూర్చోక కాదు. కొత్త నోట్సు పుస్తకం కొన్నాను. అట్ట బాగుంటే రాస్తానేమోనని ఇంకోటి కొన్నాను. మొదటి వాక్యాలు చాలానే రాశాను, రెండో వాక్యం ఒక్కదానికీ పుట్టలేదు. ఇప్పుడు ఆ పుస్తకం తీసి చూస్తే ఎందుకో తెలుస్తోంది. అవన్నీ నవల మొదలుపెట్టే వాక్యాలు. "ఆ ఏడాది గోదావరి..." అంటూ నాలుగొందల పేజీలు మోయడానికి ఛాతీ విరుచుకుని నిలబడ్డ వాక్యాలు. చదువుతుంటే నాకే ఆయాసం వచ్చింది.

మా వారిది వ్యవసాయం. మా చేను కాలువ శివారున ఉంది. దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, నీళ్లు మా దాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ ఏడు రావని తేలిపోయింది. సార్వా, అంటే మొదటి పంట, కోతకి ఇంక రెండ్రోజులుందనగా ఆయన మినుములు చల్లించడానికి బయల్దేరుతుంటే, ఇంట్లో ఆ నోట్సు పుస్తకం మొహం చూడలేక నేనూ వెంటపడ్డాను.

పండిన వరిచేలో మినుము చల్లడం చూడనివాళ్లు ఈ పేజీ చదువుతుంటారు కాబట్టి చెప్తున్నాను. వరి ఇంకా నిలబడే ఉంటుంది. కంకులు బరువుకి ఒకదాని మీద ఒకటి ఒరిగి, మధ్యలో నేల కనపడదు. నీళ్లు అంతకు ముందే తీసేస్తారు. అడుగు వేస్తే పాదం మెత్తగా దిగాలి, తీస్తే వేళ్ల అచ్చుతో సహా గుంట నిలవాలి. అదీ పదును. ఇంతకంటే తడి ఉంటే విత్తు కుళ్లుతుంది, ఆరిపోతే మొలవదు. మనిషి బేసిను నడుముకి ఆనించుకుని, మోచేత్తో కంకుల్ని పక్కకి తోసుకుంటూ, పిడికిలి పిడికిలి విసురుకుంటూ పోతాడు. గింజలు ఎండుటాకుల మీద పడి జారుతుంటే చినుకులు మొదలయినట్టు చప్పుడు. ఎకరానికి 16 కిలోల దాకా పడుతుంది, మెట్టలో వేసేదానికి దాదాపు రెట్టింపు. దున్నడం లేదు, మట్టి కప్పడం లేదు. పిట్టలకి కొంత, కోతకొచ్చినవాళ్ల కాళ్ల కింద కొంత పోతుందని లెక్క వేసుకునే చల్లుతారు.

కోత అయ్యాక చూస్తే దుబ్బుల మధ్య అప్పటికే మొలక. నీడలో మొలిచిందేమో, మెడ సాగి, జబ్బుచేసి లేచిన పిల్లలా పాలిపోయి ఉంటుంది. దాని మీదే పనలు పరుస్తారు, దాన్నే తొక్కుకుంటూ మోస్తారు. పనలు తీసిన వారానికి చేనంతా పచ్చబడుతుంది. ఆ పంటకి మళ్లీ నీళ్లు పెట్టేది లేదు. వరి తాగగా నేలలో మిగిలిన తడి, పైనుంచి రాత్రి మంచు. అంతే. రెండున్నర నెలల్లో చేతికొచ్చేస్తుంది.

గట్టు మీద నిలబడి, "కోతైనా కానివ్వచ్చు కదండీ, ఏమిటీ తొందర?" అన్నాను. పెళ్లై అన్నేళ్లయినా నేను అడగని ప్రశ్న అది. ఆయన నవ్వి, "కోసి, కుప్పేసి, తీరుబడిగా వస్తే నేల రాయైపోద్ది. అప్పుడు నీళ్లు నువ్వు మోసుకొస్తావా?" అన్నారు.

ఇంటికొచ్చి పెట్టె దింపాను. నవల పూర్తవగానే నేను చేసిన మొదటి పని ఆ కాగితాలన్నీ పెట్టెలో పడేసి అటకెక్కించడం. చెదలు పడతాయని మా అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. పాతదంతా అయిపోయింది, ఇంక కొత్త నేల చూసుకోవాలనుకున్నాను. పెట్టెలో నవలలో పట్టని కాగితాలు ఒక కట్ట ఉన్నాయి. అందులో ఒకదాని మీద రేవులో పాక హోటలు నడిపిన ముసలావిడ సంగతి. చదువు రాదు. రేవు దాటించే పంటు మీద పనిచేసేవాళ్ల టీ అప్పులు ఆవిడ చింతపిక్కలతో లెక్క పెట్టుకునేది, మనిషికో కొబ్బరి చిప్ప. ఏ చిప్ప ఎవరిదో ఆవిడకే తెలుసు. నవలలో ఆవిడ కథ నడకకి అడ్డొచ్చి తీసేశాను. ఆ సాయంత్రం ఆవిడ మీద రెండు పేజీలు రాశాను. గొప్పగా రాలేదు. ఒక వారపత్రిక తిప్పి పంపింది కూడా. కానీ మర్నాడు రెండో కాగితం తీశాను.

మాష్టారూ, మీ అటక మీద 11 పుస్తకాల పదును ఉంది. మూడు నెలలే అయింది, ఇంకా బిగిసిపోలేదు. మీరు చిల్లర సంగతి అన్న ఆ సున్నం గీత ఉందే, మీ ఉత్తరం మొత్తంలో నేను వెనక్కి వెళ్లి రెండోసారి చదివిన వాక్యం అదొక్కటే. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందనీ, అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారనీ మీ పుస్తకంలో ఉండే ఉంటుంది, ఉండాలి కూడా. ఆవిడ ఇంట్లో మాత్రం వరదంటే ఆ గీత ఎత్తు. అది నడుం దాకానా, భుజం దాకానా? నీళ్లు తీశాక మరక చూసి గీసిందా, ఇంకా నీళ్లలో నిలబడే గీసిందా? సున్నం గీత కనపడిందంటే అప్పటికది మట్టిగోడే అయ్యుండాలి. తర్వాత గోడకి వెల్ల వేసినప్పుడల్లా గీతనేం చేశారు? 2022 జులైలో మళ్లీ వరదొచ్చినప్పుడు ఆవిడ ఆ గీత వైపు చూసిందా? ఇవేవీ మీరు రాయలేదు. బహుశా అడగలేదు, చరిత్ర కాదనుకున్నారు కనక.

దీని మీద ఒక్క పేజీ రాయండి. రెండో పేజీ వస్తున్నా ఆపేయండి, రేపు కూర్చోవడానికి ఏదో ఒకటి మిగలాలి. మర్నాడు ఇంకో నోట్సు పుస్తకం, ఇంకో చిల్లర సంగతి. రెట్టింపు చల్లాలని చెప్పాను కదా, ఇరవై పేజీలు రాస్తే పది పిట్టలపాలైనా బాధపడొద్దు. ఇవన్నీ కలిపి మళ్లీ పుస్తకం అవుతాయా అని మాత్రం ఇప్పుడు లెక్కలు వేయకండి. స్నేహితులు అడిగితే నోట్సు సర్దుకుంటున్నానని చెప్పండి. అబద్ధం కాదు కదా.

ఇంకో అనుమానం. మూడేళ్లు మీరు 58 మంది అరుగుల మీద కూర్చున్నారు. వాళ్లు పెట్టిన టీ తాగారు, వాళ్ల నొప్పులు విన్నారు. పుస్తకం అచ్చవగానే వాళ్ల ఇళ్లకి వెళ్లడానికి కారణం పోయింది. మీరు బల్ల దగ్గర కూర్చుని వెతుక్కుంటున్నది ఆ అరుగుల్నేమో చూసుకోండి. ఆ గీత గీసినావిడ ఉంటే పుస్తకం కాపీ ఒకటి పట్టుకుని వెళ్లండి. జేబులో కొలత టేపు పెట్టుకోండి.

కాపీలంటే గుర్తొచ్చింది. మీరు రాయలేదు గానీ, ఆ 500లో సగం మీ ముందుగదిలో కట్టలుగానే ఉండి ఉంటాయి. నా నవల కట్టల మీద మా ఇంట్లో రెండేళ్లు టేబుల్ ఫ్యాను ఉండేది. వాటిని చూస్తూ కొత్తది రాయడం ఎవరివల్లా కాదు. వారానికి ఒక్కరోజు, శనివారం అనుకోండి, పుస్తకం పనికి పెట్టుకోండి. పోస్టులో పంపేవి, డబ్బులు రావాల్సినవి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి రెండు కాపీలు ఇవ్వడం, అన్నీ ఆ రోజే. మిగతా ఆరు రోజులూ కట్టలు మంచం కిందే ఉండాలి.

రాత్రి నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, మనుషుల్లోకి వెళ్లబుద్ధి కాకపోవడం కూడా ఉంటే అది రాతకి సంబంధించిన సంగతి కాకపోవచ్చు. అప్పుడు నా మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గరకి వెళ్లండి. మొహమాటపడొద్దు.

* * *

ప్రశ్న: మేడం, మాది నరసాపురం దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. మా అమ్మమ్మ నాటి నుంచీ ఇంట్లో లేసు అల్లిక. నేను ఎప్పుడూ పువ్వులు అల్లి ఇచ్చేసేదాన్ని, అతుకుపని వేరేవాళ్లు చేసేవారు. మొదటిసారి డబుల్ కాట్ దుప్పటి మొత్తం నా సొంత డిజైనుతో నేనే చేశాను. 14 నెలలు పట్టింది. ఎగ్జిబిషన్‌లో మంచి రేటుకి అమ్ముడుపోయింది. ఇప్పుడు కొత్త డిజైను వేద్దామని సూది పట్టుకుంటే మళ్లీ అదే పువ్వు వస్తోంది. చెయ్యి కూడా లాగుతోంది.

జవాబు: అమ్మాయ్, ముందు చెయ్యి సంగతి. 14 నెలలు ఒకే తిప్పు తిప్పిన మణికట్టు అది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తున్నా డాక్టరుకి చూపించు. కొత్త ఆలోచన రావడం లేదని నువ్వనుకుంటున్నదాంట్లో సగం నొప్పే కావచ్చు.

మిగతా సగానికి వద్దాం. దుప్పటి అమ్ముడుపోయింది, సంతోషమే. దాంట్లోది ఒక్క పువ్వయినా నీ దగ్గర ఉంచుకున్నావా? ఉంచుకోలేదనే నా అనుమానం. 14 నెలలు ఒళ్లో ఉన్నది ఒక్క పూటలో మడతపెట్టి పట్టుకెళ్లిపోయారు. చెయ్యి దాన్ని వెతుక్కోదూ? అందుకని ఆ పాత పువ్వు వస్తుంటే రానీ, తరమకు. ఒకటి పూర్తిగా అల్లి తలుపు తెరకి కుట్టుకో. అది నీది, అమ్మకానికి కాదు. తర్వాత అదే పువ్వుని బాగా లావు దారంతో, పెద్ద సూదితో అల్లి చూడు. లెక్క అదే అయినా రేకులు అలా పడుకోవు, ముడుచుకుంటాయి, ఎక్కడో ఒక గొలుసు తగ్గించాల్సి వస్తుంది. ఆ తగ్గించిన చోట నీకు కొత్త డిజైను మొదలు కావచ్చు.

నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక "అలాంటిదే ఇంకోటి" అని అడిగేవాళ్లు నీకూ పెరిగుంటారు. అలాంటిదే చేసి డబ్బు తీసుకోవడంలో తప్పేం లేదు, ఇల్లు గడవాలి. కాకపోతే అతుకుపని మళ్లీ వేరేవాళ్లకి వదిలేయకు. మొత్తం దుప్పటి ఎలా పడుకుంటుందో ఒకసారి చూసిన కన్ను నీది.

* * *

ప్రశ్న: నమస్తే మేడం. మాది రాజమండ్రి. డిగ్రీ అయిపోయింది. ఫ్రెండ్స్‌తో కలిసి రెండేళ్లు కష్టపడి 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. అందరూ పార్ట్ 2 ఎప్పుడు అంటున్నారు. ఫస్ట్ పార్ట్ ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా సీన్ కదలడం లేదు.

జవాబు: బాబూ, నీ ఊరి రేవు నుంచే ఉదాహరణ చెప్తాను, తెలుగు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. నన్నయగారి భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తర్వాత వచ్చిన తిక్కనగారు ఆ తెగిన చోట ముడి వేయడానికి కూర్చోలేదు. దాన్ని అలాగే వదిలి విరాటపర్వం ఎత్తుకుని చివరిదాకా పదిహేను పర్వాలు చేశారు. అరణ్యపర్వంలో మిగిలిన ముక్క ఆ తర్వాత ఎర్రనగారు పూర్తిచేశారు. నీకు ఏ సీన్ తీయాలని చెయ్యి దురద పెడుతోందో అక్కణ్ణించి మొదలుపెట్టు. అతుకు తర్వాత చూసుకోవచ్చు, లేదా నీ ఫ్రెండ్ ఎవడైనా వేస్తాడు. ఆ పార్ట్ 2 అసలు అక్కర్లేదని నీకే అనిపిస్తే ఇంకా మంచిది.

ఈలోపు ఆ సినిమాకి తీసి వాడని షాట్లు నీ హార్డ్ డిస్కులో ఉంటాయిగా. వాటిల్లోంచి మూడు నిమిషాలు, మాటల్లేకుండా, ఈ ఆదివారం లోపు ఒకటి కట్ చేయి. ఎవరికీ చూపించకు. అంతకు ముందు ఆ డిస్కుకి ఇంకో కాపీ తీసి పెట్టుకో, మా అత్తగారైతే ఇదే చెప్తారు.

* * *

మాష్టారూ, ఆ గీత ఎత్తు కొలిచి రాయండి. అంగుళాల్లో. ఆవిడ సరేనంటే మీ పేజీ వచ్చే నెల ఇక్కడే వేస్తాను, టమాటా పచ్చడి పక్కన.